అక్క ఆపిన ఊపిరి

పొద్దున్నే పొయ్యి దగ్గర కూచుని టీ కాచుకుంటున్న సుబ్బరత్నానికి ఉన్నట్టుండి ఆయాసం వచ్చిందంటే, అక్కడ దమ్మపేటలో అక్క పద్మావతమ్మ కల్లం ఊడుస్తున్నదని అర్థం. అక్కచెల్లెళ్లిద్దరికీ పుట్టుకతోనే ఊపిరి ఒకటి. ఒకరు దగ్గితే ఇంకొకరూ దగ్గాల్సిందే. సుబ్బరత్నం ఉండే కారేపల్లిలో దాన్నెవరూ వింతగా చూడరు. సుబ్బరత్నానికి పొలమారితే, "మీ అక్క గబగబా తింటున్నట్టుంది" అని నీళ్ల చెంబు అందించి తమ పనికి తాము పోతారు.

తండ్రి ఇద్దరికీ కలిపి ఇచ్చిన బోరు దగ్గర మాటామాటా పెరిగి, వాళ్లు పలకరించుకోవడం మానేసి చాలా ఏళ్లయింది. పంతానికి ఇద్దరూ ఇద్దరే. మాటలంటే మానగలిగారు గాని ఊపిరి మానలేరు కదా! అక్క చాటుగా ఏడ్చిన రోజులన్నీ సుబ్బరత్నానికి తెలుసు. తన వెక్కిళ్లు అక్కకూ తెలిసే ఉంటాయని ఆమెకు మహా సిగ్గు.

అలాంటి సుబ్బరత్నానికి కాలేయంలో గడ్డ బయటపడింది. ఖమ్మం దవాఖానాలో డాక్టరు ఓపికగా వివరించాడు. ఊపిరి పీల్చినప్పుడల్లా గడ్డ కిందికి జారుతుంది, వదిలితే పైకొస్తుంది. పక్కనే పేగు ఉంది. గడ్డను మాడ్చే రేడియేషన్ కిరణం గురి తప్పి దానికి తగిలితే ప్రమాదం. అందుకని చెప్పినప్పుడల్లా ఊపిరి బిగబట్టి గడ్డను కదలనివ్వకూడదు. బీపీ, షుగరు, చిన్నప్పుడొచ్చిన కామెర్లు, అన్నీ ఏకరువు పెట్టిన భర్త చెంచురామయ్య అక్క సంగతి మాత్రం చెప్పలేదు. ఊరంతా ఎరిగిన సంగతి డాక్టరుకు తెలియకపోవచ్చని ఆ మనిషికి తట్టనేలేదు.

సరిగ్గా మిర్చి కల్లాల కాలం. ఇక్కడ దవాఖానా బల్లమీద సుబ్బరత్నం ఊపిరి బిగబట్టడం, అక్కడ పద్మావతమ్మకు ఘాటు తగలడం, ఇద్దరికీ దగ్గు ముంచుకురావడం. తెరమీద ఊపిరిని చూపే గీత ఎగిరిపడేది. మిషను ఆగిపోయేది.

"ఇంకొక్కసారి చూద్దాం పెద్దమ్మా. ఇప్పుడు గూడ గిట్లనే అయితే సారు ఈ ట్రీట్‌మెంట్ బంద్ చేస్తడు," అంది మిషను నడిపే సోని, ఆమెను బయట కూచోబెట్టి.

"కల్లంలో మా వదినకు ఘాటు తగిలినట్టుందమ్మా. వాళ్లిద్దరిదీ ఒకటే ఊపిరి," అన్నాడు చెంచురామయ్య.

"గా ముక్క ముందుగాల చెప్పొద్దా! ఫోన్ చేయండి జల్దీ!"

చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఆ నంబరు కనబడితే పద్మావతమ్మ ఎత్తదు.

"ఆ ఫోను ఇటివ్వండి," అని సుబ్బరత్నం దాన్ని ఒళ్లో పెట్టుకుని, నోరు మూసి ముక్కు గట్టిగా పట్టుకుంది. చెవుల్లో హోరు. కళ్లముందు చీకట్లు. వదిలింది, మళ్లీ పట్టుకుంది. మూడోసారికి ఫోను మోగింది.

"ఏందే, నన్ను చంపుదామనా?" అంది పద్మావతమ్మ రొప్పుతూ.

"చచ్చేది నేను," అంది సుబ్బరత్నం. ఆ మీద ఏడుపు ఆగలేదు. అవతలామెకూ ఆగలేదు, ఆగే వీలేదీ?

అంతా విని పద్మావతమ్మ ముక్కు చీదింది. "బోరు మోటారు గది దగ్గరికి పోతా. అక్కడికి ఘాటు రాదు. ఆపమంటే ఆపుతా. మళ్లీ మీరు వదలమనేదాకా వదల్ను."

సోని తన గదిలో ఫోను స్పీకరు పెట్టుకుని కూచుంది. లోపల బల్లమీద సుబ్బరత్నం చేతులు తలపైకి చాచి పడుకుంది.

"నిండా పీల్చండి. ఆపండి." గీత కదలకుండా నిలిచింది. మిషను గుయ్యిమంది. "వదలండి." మళ్లీ పీల్చారు, మళ్లీ ఆపారు. ఆ రోజుకి ఆఖరి విడత నడుస్తుండగా ఫోను కట్టయింది.

"అయిపోయింది, వదలండి పెద్దమ్మా!"

సుబ్బరత్నం వదలబోయింది. ఛాతీ దిగలేదు. మాట చేరక అక్క ఇంకా బిగబట్టుకునే ఉంది. సోని పరుగెత్తుకొచ్చి భుజాలు పట్టి కుదిపింది. ఆమె వదిలొచ్చిన ఫోను అందుకుని చెంచురామయ్య నంబరు నొక్కుతూనే ఉన్నాడు, కలవడం లేదు. ఎప్పుడూ అక్క ఊపిరి ముందు నడిస్తే వెనక నడవడమే సుబ్బరత్నానికి అలవాటు. అక్క మొండితనం ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఎవరూ చెప్పకపోతే అక్కడే కూలిపోతుంది గాని వదలదు. ఆ మోటారు గది దగ్గర ఒంటరిగా అక్క చచ్చిపోతుందన్న భయంలో సుబ్బరత్నానికి తన ప్రాణం గుర్తే రాలేదు.

"అక్కా!" అని అరిచింది.

అన్నేళ్లుగా పలకని ఆ పిలుపుతో ఊపిరంతా బయటికొచ్చింది. గీత దిగింది. సోని కళ్లు తుడుచుకుని తెర చూసొచ్చింది. "కిరణం పడాల్సిన కాడనే పడ్డది పెద్దమ్మా. పేగుకు తగల్లే."

కాసేపటికి ఫోను కలిసింది.

"పిలిచావుటే?" అంది పద్మావతమ్మ నీరసంగా.

"పిలిచానక్కా."

"రేపట్నుంచి నేనొచ్చి బయట కూచుంటా. కల్లం సంగతి కూలోళ్లు చూసుకుంటారు." అలుపు తీర్చుకుని మళ్లీ అందుకుంది. "ఇక నావల్ల కాదు గాని, నువ్వు ముందు పీల్చవే. నీ వెనక నేను పీలుస్తా."

సుబ్బరత్నం కళ్లు మూసుకుని ఇద్దరికీ సరిపడా పీల్చింది.