గిన్నెలు లేని గది

మరాది ఊరి చివర, లారీలు తిరిగే రోడ్డును ఆనుకుని ఉంది డేలు గది. మంచం తలవైపు గోడంతా పూల ఎనామిల్ గిన్నెలు, నేల నుంచి దూలాల దాకా దొంతర్లు దొంతర్లుగా పేర్చి ఉంటాయి. కూతురు పుట్టిన నాటి నుంచి తల్లి ఒక్కొక్కటే కొని దాచి, పెళ్ళికి ఇచ్చి పంపినవి. ఇంటికొచ్చిన ఆడవాళ్ళు ముందు ఆ గోడనే చూస్తారు. ఆడది కాపురం వదులుకుని పోయేటప్పుడే ఆ గోడ ఖాళీ అవుతుంది.

లారీ వెళ్ళినప్పుడల్లా ఆ గోడ గలగలమంటుంది. పెళ్ళయిన ఈ మూడేళ్ళూ డేలు దాన్ని పట్టించుకోలేదు. ఏడో నెల వచ్చాక ఆ చప్పుడు గుండెలో దిగడం మొదలైంది. "మందు కంటే ముందు నీకు నిద్ర కావాలి. ఈ బీపీ ఇలాగే ఉంటే బిడ్డ దక్కడం కష్టం" అని నిన్న నర్సమ్మ తేల్చి చెప్పింది.

పొద్దున భర్త హబు బజారుకి పోగానే డేలు పక్కింటి కాందేని పిలిచింది. ఇద్దరూ గిన్నెలు దించి వాకిట్లో పెట్టసాగారు.

"మీ అమ్మ ఊళ్ళో ఎవరికీ వండుకోవడానికి గిన్నె మిగల్చలేదా ఏమే?" అని కాందే నవ్వింది.

ఇంకొక్క దొంతర మిగిలింది. అప్పుడే హబు అక్క తబావా వీధి గుమ్మంలో అడుగుపెట్టింది. వాకిలి చూసి అక్కడే ఆగిపోయింది.

"ఎక్కడికే ప్రయాణం?"

"ఎక్కడికీ కాదు వదినా."

"మరి గిన్నెలకి గాలి మార్పా?"

డేలు పైట ముఖం మీదికి లాక్కుంది. తొలిచూలు సంగతి కడుపుతో ఉన్నదాని నోట రాకూడదు, అత్తింటివాళ్ళ ముందు అసలే రాకూడదు. పొట్ట అందరికీ కనబడుతున్నా అది లేనట్టే మసలుకోవాలి.

"గదిలో సరిగ్గా నిద్రపట్టక..." అని కాందే అందుకోబోయింది.

"నిన్నడిగానా?" తబావా గుమ్మంలోంచే వెనక్కి తిరిగి, బజారు వైపు పోతున్న మనిషిని కేకేసింది. "మా తమ్ముణ్ణి తక్షణం రమ్మను! పెళ్ళాం గిన్నెలు బయటపెట్టిందని చెప్పు!"

ఆ కేకకి వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే గుమ్మం దగ్గర చేరారు. తబావా ఒక దొంతర ఎత్తింది. "వాడొచ్చేలోపు ఇవన్నీ లోపల ఉండాలి. జరుగు!"

డేలు గది తలుపుకి అడ్డంగా నిలబడింది. చెవుల్లో నెత్తురు హోరుమంటోంది. గిన్నెలు లోపలికి పోతే బిడ్డ దక్కదు. బయట ఉంటే, మగాడు కోపంలో పొమ్మని ఒక్క మాట అన్నా కాపురం తెగిపోతుంది. అలా తెగిన కాపురాలు ఈ వీధిలోనే రెండున్నాయి.

హబు పరుగున వచ్చాడు. టోపీ నిండా దుమ్ము. గిన్నెల వైపు చూశాడు, భార్య వైపు చూశాడు.

"పోతున్నావా?"

డేలు తబావా చేతిలోని దొంతర దించి, ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి మంచం మీద కూర్చోబెట్టింది. మిగిలిన ఆ ఒక్క దొంతర తబావా తలవెనకే ఉంది.

"లారీ వచ్చేదాకా కూర్చోండి వదినా."

"ఏం, లారీ ఎక్కిపోతావా?"

లారీ రాలేదు. గాడిదబండి పోయింది. మోటారుసైకిలు పోయింది. హబు తలుపు దగ్గర దవడ బిగించి నిలబడ్డాడు. కడుపులో బిడ్డ ఒక్కసారి తన్నింది. డేలు గోడకి చెయ్యి ఆనించింది.

"ఇంక చాలు..." అంటూ తబావా లేవబోయింది.

నేల అదిరింది. తలవెనక దొంతరంతా గలగలమని, పైనున్న మూత జారి మంచం కోడుకి తగిలి టంగుమంది. తబావా కెవ్వుమని గుండె పట్టుకుంది.

"అది ఒక్క దొంతరే. అలాంటివి పదహారు. పగలూ రాత్రీ." డేలు ముఖం మీది పైట పక్కకి తీసింది. "నాకు నిద్ర లేకపోతే నా బిడ్డ దక్కదంది నర్సమ్మ."

నా బిడ్డ! గుమ్మం దగ్గర ఆడవాళ్ళు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు.

"సిగ్గు లేదూ!" అంది తబావా. అయితే ఆ మాటలో పస లేదు. చెయ్యి ఇంకా గుండె మీదే ఉంది.

హబు పడుకునే గది వాకిలికి అవతల, రోడ్డుకి దూరంగా ఉంది. ఆ గలగల ఇంత దగ్గరగా అతను ఎన్నడూ విననేలేదు. వాకిట్లోకి వెళ్ళి, అన్నిటికంటే పెద్ద దొంతర ఎత్తుకుని తన గది వైపు నడిచాడు.

"మగాడి గదిలో గిన్నెలేంట్రా! బజారంతా నవ్వుతుంది!"

"నవ్వనీ అక్కా. నా ఇంట్లోనే ఉన్నాయిగా. ఆ బేసిన్ ఇటందుకో."

తబావా గుమ్మం వైపు తిరిగింది. "ఏం చూస్తారే? మోస్తే మోయండి, లేకపోతే పొండి!"

మధ్యాహ్నానికి గోడ ఖాళీ అయింది. తబావా తానే నేల మీద నీళ్ళు చిలకరించింది. తన నీలిరంగు దుపట్టా తీసి, ఎండ రాకుండా కిటికీకి కట్టింది. "పడుకో" అని, తలుపు బయట పీట వేసుకుని కూర్చుంది.

డేలు పడుకుంది. లారీ వచ్చింది. అలవాటు చొప్పున ఊపిరి బిగబట్టింది. గోడ పలకలేదు. వాకిలి అవతల ఎక్కడో సన్నగా గలగల, వెంటనే "వామ్మో!" అని హబు కేక.

"మెల్లగారా, పడుకుంది!" అని తబావా కసిరింది.

డేలుకి నవ్వొచ్చింది. ఆ నవ్వు పెదవుల దాకా రాకముందే నిద్ర పట్టేసింది.