గుండెల లోతు నీళ్ళు

ఈ చెరువు చుట్టూ ఉన్నవాళ్ళలో సగం మందికి ఈత నేర్పింది నేనే. ఇప్పుడు మీసం దువ్వుకుంటూ పడవ పందాలకు జెండా ఊపే పెద్దమనుషులు, ఒకప్పుడు నా మెడ పట్టుకుని వేలాడుతూ ఇంటికి పోతానని ఏడ్చినవాళ్ళే. అందుకే ఇక్కడ నన్నెవరూ పేరు పెట్టి పిలవరు. టీచరమ్మ అంటారు.

నా పద్ధతి ఒకటే. పిల్లని నీళ్ళలో నిలబెట్టి, కాస్త దూరంలో నేను చేతులు చాపి నిలబడేదాన్ని. "ఇదిగో, ఇక్కడే ఉన్నా, వచ్చేయ్" అనేదాన్ని. ఆ పిల్ల కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ బయల్దేరగానే చప్పుడు కాకుండా ఒక అడుగు వెనక్కి వేసేదాన్ని. ఇంకాస్త దగ్గరికి వస్తే ఇంకో అడుగు. నోటితో మాత్రం "ఇక్కడే ఉన్నా, కదల్లేదు" అంటూనే ఉండేదాన్ని. చివరికి నా చెయ్యి అందేసరికి ఆ పిల్ల తన వల్ల కాదనుకున్న దూరమంతా ఈదేసి ఉండేది. వెనక్కి తిప్పి చూపిస్తే నోరు తెరిచేది. ఈత నేర్పేవాళ్ళందరూ ఆడే అబద్ధమే ఇది. నేను మరీ మొహమాటం లేకుండా ఆడేదాన్ని, అంతే తేడా.

మా ఆయనకీ అలాగే నేర్పాను. చెరువు తూము చూసుకునే ఉద్యోగం ఆయనది. ఎంత నీరు నిలపాలి, ఎంత కిందికి వదలాలి అన్నది ఆయన చేతి పని. అన్ని నీళ్ళకి కాపలా కాసే మనిషికి ఈత రాదని పెళ్ళయిన కొత్తలో తెలిసి పడీపడీ నవ్వాను. ఒక ఉదయం ఆయన్ని నీళ్ళలోకి దింపి, చేతులు చాపి, "ఇక్కడే ఉన్నా, రండి" అన్నాను. వచ్చాడు. బాగానే వచ్చాడు. వెనక్కి చూసుకుని మురిసిపోతాడనుకుంటే మొహం ముడుచుకున్నాడు.

"కదల్లేదన్నావు. కదిలావు" అన్నాడు.

ఆ రోజంతా నాతో సరిగ్గా మాట్లాడలేదు. అదీ ఆ మనిషి తీరు. అబద్ధమాడితే తిన్నది అరగదు ఆయనకి. ఎదుటివాళ్ళు ఆడినా అరగదు.

పోయిన చలికాలంలో ఒక పొద్దున నా చేతిలోంచి కాఫీ కప్పు జారింది. దాని వెనకే నేనూ జారాను. ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి ఎడమవైపు నాది కాకుండా పోయింది. తర్వాత మెల్లగా మాట వచ్చింది, అది మా ఆయన దురదృష్టం. చెయ్యి కూడా సగం మాట వినడం మొదలుపెట్టింది. కాలు మాత్రం మొండికేసింది. నిలబెడితే పక్కకి ఒరిగిపోయేది. చక్రాల కుర్చీ ఇంటికొచ్చింది.

వ్యాయామం చేయించే అమ్మాయి నా మోకాలు మడిచి చాపుతూ అసలు సంగతి చెప్పేసింది. "గుండెల లోతు నీళ్ళలో నడిపించండి. నీళ్ళు బరువు మోస్తాయి కాబట్టి కాలికి ధైర్యం వస్తుంది. ఈ వేసవిలో నడక రాకపోతే మాత్రం ఇక కుర్చీకే అలవాటు పడిపోతారు" అంది. ఆ మాట మా ఆయనతో అన్నట్టే అంది కానీ, నా కళ్ళలోకి చూడకుండా ఉండడం కోసమే అటు తిరిగిందని నాకు తెలుసు. నాకు భయమేసింది. నీళ్ళంటే ఏనాడూ భయపడనిదాన్ని, నాలుగు చక్రాలని చూసి వణికిపోయాను.

ఈతల రేవు దగ్గర నేల నెమ్మదిగా లోపలికి దిగుతుంది. నీటి అంచున ఒక పాత సిమెంటు పలక ఉంది. కుర్చీ సాఫీగా అక్కడిదాకా వస్తుంది. మా ఆయన అక్కణ్ణుంచి లోపలికి వరసగా గుంజలు పాతి, నా కుడిచేతికి అందేటట్టు తాడు కట్టాడు. మొదటిరోజు ఆయనొక పక్క, పడవలామె ఒక పక్క పట్టుకుని నన్ను దాదాపు మోసుకుంటూ దింపారు. పడవలామె అంటే మా రేవులో పడవలు అద్దెకిచ్చే ఆవిడ. నన్ను అక్కా అంటుంది, మా ఆయన్ని బావగారూ అంటుంది, ఇద్దర్నీ సమంగా ఆటపట్టిస్తుంది.

నీళ్ళు గుండెల దాకా రాగానే నా కాలు తేలికైపోయింది. ఒక అడుగు వేశాను. ఇసుక అరికాలికి తగిలింది. అంతకాలం తర్వాత ఎడమకాలికి ఏదో తగిలినట్టు తెలియడం అదే మొదలు. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

"అక్కా, చెరువులో ఉన్న నీళ్ళు చాల్లే" అంది పడవలామె.

అలా నాలుగు రోజులు హాయిగా గడిచాయో లేదో, చెరువు నీళ్ళు దించాలన్నారు.

అన్నది ఎవరో కాదు, మా ఆయనే. ఆ ఏడు వానలు సరిగ్గా పడలేదు. తూము కింద వాగు ఎండిపోతోంది. పైగా తూము తలుపు అంచున ఉండే రబ్బరు పట్టీ చిరిగిపోయింది. నీళ్ళు బాగా తగ్గితే తప్ప దాన్ని మార్చడం కుదరదు. రోజూ కాస్త కాస్త వాగులోకి వదిలితే రెండు పనులూ అవుతాయని ఆయన లెక్క. పడవల షెడ్డులో అందరూ కూర్చున్నారు. ఒడ్డు మీద ఇళ్ళున్నవాళ్ళు దించెయ్యమన్నారు, వాళ్ళ మెట్ల మీద పోయినేడు చేపలు తిరిగాయట. గాలాలు పట్టుకు కూర్చునేవాళ్ళు వద్దన్నారు.

"సెలవులయ్యేదాకా ఆగండి బావగారూ. పడవలు బురదలో కూర్చుంటే, నేను వాటి పక్కన కూర్చుని పాటలు పాడుకోవాలి" అంది పడవలామె.

నేను మాత్రం ఊరుకుంటానా. "మరి నా కాలి సంగతేంటండీ?" అని అందరి ముందూ అడిగేశాను.

ఆయన టోపీ తీసి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"వాగులో గుంటలు ఎండిపోతున్నాయి. అందులో చేపలకి, వాటి మీద బతికే కొంగలకి, కింద ఊరికి ఈ చెరువు తప్ప దిక్కులేదు. నీకు నేనున్నాను" అన్నాడు.

"మీరేమన్నా నీళ్ళా? నన్ను తేలుస్తారా?"

అందరూ గొల్లున నవ్వారు. నేను నవ్వలేదు. మర్నాడు పొద్దున్నే ఆయన వెళ్ళి తూము తలుపు కొంచెం పైకెత్తాడు. ఆ చప్పుడు మా ఇంటి వంటగదిలోకి వినిపించింది. పళ్ళు నూరుతూ విన్నాను.

ఇక అక్కణ్ణుంచి ప్రతి ఉదయం ఒకటే గొడవ. నీళ్ళు రోజూ కొంచెం వెనక్కి జరిగేవి. కుర్చీ మాత్రం ఆ సిమెంటు పలక మీదే ఆగేది.

"ఇంకాస్త ముందుకు తొయ్యండి."

"ఇసుకలో చక్రాలు దిగబడతాయి."

"దిగబడితే లాగండి. మగాడు కారూ?"

"లాగలేను. వయసైపోయింది. పద, ఇదిగో నీళ్ళు, ఇక్కడే."

కుడిచేత్తో తాడు, ఎడమపక్క ఆయన భుజం. పొడినేల మీద కాలీడ్చుకుంటూ ఆయన్ని తిట్టుకుంటూ పోయేదాన్ని. నీళ్ళలో ఉన్న తేలిక నేల మీద ఎక్కడిది? ప్రతి అడుగూ గోనెసంచి లాగినట్టుండేది. ఆ కొంగల మీదున్న జాలిలో పిసరంతైనా కట్టుకున్నదాని మీద లేదన్నాను. తూమునే కట్టుకోవాల్సింది, నన్నెందుకు కట్టుకున్నారన్నాను. ఆయన ఊఁ కొడుతూ నడిచేవాడు. మొదట్లో భుజాన ఒక పీట వేసుకొచ్చి, మధ్యలో నన్ను కూర్చోబెట్టి లేపేవాడు. ఒకరోజు పీట లేదు. "మర్చిపోయాను" అన్నాడు. మర్నాడూ మర్చిపోయాడు. ముసలితనం మతిమరుపు కూడా తెచ్చిందని దానికీ దెప్పాను.

నీళ్ళు తగ్గేకొద్దీ చెరువు దాచుకున్న సామానంతా బయటపడింది. విరిగిన తెడ్డు, ఒంటి చెప్పులు, పిల్లల కళ్ళద్దాలు, ఎవరిదో పళ్ళ సెట్టు. అది ఎవరిదో అందరికీ తెలుసు కానీ ఎవరూ పైకి అనలేదు. బురదలో కొంగలు బారులు తీరాయి. నడకకి వచ్చేవాళ్ళు ఆగి వాటిని చూసేవారు. కింద వాగులో నీటి చప్పుడు మళ్ళీ మొదలైందని చెప్పుకునేవారు. మా ఆయన ఆ మాట విన్నప్పుడల్లా మొహంలో ఒక వెలుగు వచ్చేది. నాకు కోపంగా ఉండేది, ఆ వెలుగు చూడాలని కూడా ఉండేది. రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో పెళ్ళయినవాళ్ళని అడగండి.

తూము పట్టీ మార్చే రోజు వచ్చింది. ఆయన తెల్లారకముందే పనివాళ్ళతో వెళ్ళిపోయాడు. నన్ను నీళ్ళకి తీసుకెళ్ళమని పడవలామెకి అప్పజెప్పాడు. ఆమె కుర్చీని పలక మీద ఆపింది. నేను లేచి తాడు పట్టుకున్నాను. ఆమె కబుర్లు చెబుతూ వచ్చింది, నేను మొగుణ్ణి తిడుతూ నడిచాను. ఎప్పటి తిట్లే. ఈ కుర్చీ ఎక్కడ, ఈ నీళ్ళెక్కడ, ఆ మనిషికి గుండె ఉండాల్సిన చోట తూము తలుపు ఉందని.

నీళ్ళు పాదాలకి తగిలాయి.

"నేనెప్పుడో అన్నాను కదక్కా. నా రేవు చెక్కలు ఊరికే పడున్నాయి, పలక నుంచి నీళ్ళదాకా పరిచేస్తే కుర్చీ జామ్మని వెళ్ళిపోతుందని. బావగారే వద్దన్నారు" అంది పడవలామె.

"వద్దన్నాడా?"

"ఒక్కసారా? రెండుసార్లు అడిగాను. అసలు చెక్కలు కూడా అక్కర్లేదు, ఇసుక ఎండి రాయైపోయింది. మొన్న నా పడవల బండి దీని మీదే లాక్కెళ్ళాను. 'ఆవిడ తిట్టుకుంటుంది, తిట్టుకోనీ, నువ్వు మాత్రం నోరెత్తకు' అన్నారు. ఇప్పుడెత్తేశాననుకో."

వెనక్కి తిరిగాను. ఎత్తు గట్టు కింద, ఆ పలక మీద కుర్చీ బొమ్మ కుర్చీ అంత కనిపించింది. దానికీ నాకూ మధ్య ఒకప్పుడు నీళ్ళలో మునిగున్న గుంజలన్నీ పొడిగా వరసలో నిలబడి ఉన్నాయి. ఇసుక మీద నా అడుగులున్నాయి. కుడిపాదం అచ్చు, దాని పక్కన ఎడమపాదం అచ్చు. ఎడమది ఈడ్చిన గీత కాదు, పాదమే.

అప్పుడు పడవలామె వైపు చూశాను. ఆమె ఒక చేతిలో నా తువ్వాళ్ళు, ఇంకో చేతిలో నీళ్ళ సీసా, చంకలో నా చెప్పులు. మరి నన్ను పట్టుకున్నదెవరు?

"ఎవరూ పట్టుకోలేదక్కా. నువ్వు లేచి బయల్దేరావు, నేను వెనకే వచ్చాను. ఎప్పుడూ ఇంతేగా అనుకున్నాను" అంది.

చేతులు చాపి వెనక్కి వెనక్కి జరుగుతూ, ఇక్కడే ఉన్నా అని ఎంతమంది పిల్లలకి చెప్పానో. వెనక్కి చూసుకున్నప్పుడు వాళ్ళకి ఎలా ఉండేదో ఆ రోజు నాకు తెలిసింది.

మధ్యాహ్నం మా ఆయన చేతులనిండా నల్లటి జిడ్డుతో వచ్చాడు. కొత్త పట్టీ బాగా కూర్చుందని, తలుపు మూసేశామని చెప్పాడు. నేను బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను.

"ఇసుకలో చక్రాలు దిగబడతాయన్నారు" అన్నాను.

చేతులు కడుక్కుంటున్నవాడు ఆగిపోయాడు. కుళాయి మాత్రం కట్టలేదు. నీళ్ళు వృథా కావడం ఆయన చూస్తూ ఊరుకోవడం అదే మొదటిసారి.

"నీళ్ళు దించింది వాగు కోసమే. అందులో నీ కోసం ఏమీ లేదు. అది నిజం" అన్నాడు.

"కుర్చీ?"

"కుర్చీ అబద్ధం."

"పీట?"

"అదీ అబద్ధమే. మర్చిపోలేదు. తలుపు వెనక ఉంది."

"తిన్నది అరిగిందా మరి?"

"ఒక్కరోజు కూడా అరగలేదు" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆయనకి. "నడుస్తున్నావని నీకు చెబితే ఆగిపోతావేమోనని భయమేసింది. తిట్టేటప్పుడు బాగా నడుస్తున్నావు."

ఇన్నేళ్ళలో ఆ మనిషి మీద నాకు ఎన్నోసార్లు ప్రేమ కలిగింది. ఆ రోజు కలిగినంత ఎప్పుడూ కలగలేదు. అన్నీ పైకి చెప్పే నేను అది మాత్రం చెప్పలేకపోయాను. లేచి, బల్ల పట్టుకుని, తర్వాత గోడ పట్టుకుని, ఆయన దగ్గరికి వెళ్ళి కుళాయి కట్టేశాను.

తర్వాత వానలు మొదలయ్యాయి. కొత్త పట్టీ చుక్క జారనివ్వలేదు. చెరువు రోజురోజుకీ ఒడ్డెక్కింది. గుంజలు ఒకదాని వెనక ఒకటి మునిగాయి. పడవలామె పడవలు తేలాయి, కొంగలు వాగు వైపు వెళ్ళిపోయాయి. వాన వెలిసిన ఒక ఉదయం నీళ్ళు వచ్చి మళ్ళీ ఆ సిమెంటు పలకని తాకుతున్నాయి.

మా ఆయన నన్ను తీసుకొచ్చి ఎప్పటిలాగే పలక మీద కుర్చీ ఆపాడు. నా కాళ్ళ ముందే నీళ్ళు.

"ఇక నీకు ఏ శ్రమా లేదు. కాలు చాపితే నీళ్ళే" అన్నాడు సంబరంగా.

నేను నీళ్ళ వైపు చూశాను. తర్వాత మెడ తిప్పి గట్టు వైపు, గట్టు మీద రోడ్డు వైపు, రోడ్డవతల మా ఇంటి గుమ్మం వైపు చూశాను.

"ఏమండీ" అన్నాను. "కుర్చీ ఇంకాస్త వెనక్కి పెట్టండి."