నడవ జిన్

ఆ ఇంట్లో కోడలిని అందరూ ముక్కురాణి అనేవారు. ఆ పేరు పెట్టింది మామగారు. పక్కింటివాళ్ళు పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోతే, అవి మాడకముందే ఇక్కణ్ణుంచి కేకేసి చెప్పే ముక్కు ఆమెది. కోపం కూడా ఆ ముక్కు మీదే ఉంటుందని అత్తగారు చాటుగా అంటూండేది. చాటుగా అన్నది కూడా కోడలికి వినపడేది, అది వేరే సంగతి.

సెంట్ల కంపెనీలో ఉద్యోగం చేసి చేసి విసుగెత్తిన ముక్కురాణి, జిన్ అనే మందు కాయడానికి లైసెన్సు తెచ్చుకుని ఇంటి వెనక గదిలో బుల్లి రాగి బట్టీ పెట్టింది. మామగారు టైలరుగా ఉన్న రోజుల్లో కుట్టు మిషన్లు పెట్టుకున్న గది అది. జిన్ అంటే మరేం లేదు, మంచి స్పిరిట్‌లో జునిపెర్ కాయలూ ధనియాలూ నారింజ, నిమ్మ తొక్కలూ నానబెట్టి, ఆవిరి పట్టి, చల్లార్చి దింపుకోవడమే. చెప్పడానికి ఇంత తేలిక గానీ, చెయ్యబోతే తల ప్రాణం తోకకొస్తుంది. పొద్దున్నే దినుసులన్నీ త్రాసులో తూచి గంగాళంలో వేసి, మూతపెట్టి, వంటింటికీ వెనక గదికీ మధ్య నడవలో ఉంచేది. ఇంకెక్కడా చోటు లేదు మరి. సాయంత్రానికల్లా బట్టీ ఎక్కించేది. అందుకే సీసా మీద కూడా 'నడవ' అనే పేరు పెట్టింది.

నడవ జిన్ మొదట వీధి చివరి బారుకు వెళ్ళింది. అక్కణ్ణుంచి ఊరంతా పాకింది. పోటీకి పంపితే పతకం తెచ్చుకుంది. మందు ముట్టని పెద్దమనుషులు కూడా ఊరికే వాసన చూసిపోదామని వచ్చి, తీరిగ్గా కుర్చీ లాక్కుని కూర్చునేవారు. "అంతా మా కోడలి ముక్కు చలవే," అని మామగారు దారినపోయేవాళ్ళని ఆపి మరీ చెప్పేవాడు. ముక్కురాణి వద్దనలేదు. ఎందుకంటుంది? తనూ అదే నమ్మింది.

వెనక గది చాలక ఎదురుగా ఉన్న పాత కార్ల షెడ్డు తీసుకున్నారు. గోడలకు తెల్ల టైల్స్, పెద్ద బట్టీ, అద్దాల తలుపు, దానికి నంబర్ల తాళం. లోపలికి ఎవరొచ్చినా తలకి ప్లాస్టిక్ టోపీ పెట్టుకోవాలి. "నా జుట్టు రాలి మీ జిన్నులో పడేంత లేదులే తల్లీ," అని అత్తగారు ఆ గుమ్మం తొక్కడం మానేసింది.

సరిగ్గా అప్పుడే పెద్ద హోటల్లో బారు చూసుకునే ఆవిడ వచ్చింది. మాట్లాడటం తక్కువ, వినడం ఎక్కువ. నడవ సీసాలను తమ హోటళ్ళన్నిట్లో పెట్టాలని ఉందంది. కొత్త బట్టీలో దించినది గ్లాసులో పోసిస్తే, వాసన చూసి, గుటక వేసి, గ్లాసు కింద పెట్టింది.

"బాగుంది. కానీ నేను తాగిన నడవ ఇది కాదు," అంది. "వచ్చేవారం మళ్ళీ వస్తాను. అదే రుచి వస్తే మాట్లాడుకుందాం."

ముక్కురాణి కాదనలేకపోయింది. ఎందుకంటే ఆ మాట నిజమని ఆమె ముక్కుకి అప్పటికే తెలుసు. పాత సీసాలో ఉన్న వెచ్చదనం కొత్తదాంట్లో లేదు. తూకం అదే, నీళ్ళు అవే, దినుసులు అవే. మళ్ళీ దించింది. మళ్ళీ అదే చప్పిడి. చివరికి ఓ మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, అన్నం కెలుకుతూ ఏడ్చేసింది.

"నాకు చేతకాదు. ఆ పతకమేదో గాలివాటంగా వచ్చింది. బట్టీ అమ్మేస్తాను," అంది.

అత్తగారు గరిట కింద పెట్టింది.

"ఏడవకు అమ్మాయ్. అది నా పాపమే."

"మీరేం చేశారు అత్తయ్యా?"

"నువ్వు తూచి వేసే తొక్కలు చూస్తే నా ప్రాణం ఉసూరుమనేది. మరీ అంత పిసినారితనమా అనిపించి, నడవలోంచి వెళ్ళేటప్పుడల్లా మూత తీసి గుప్పెడు నారింజ తొక్కలు పడేసేదాన్ని. ఆ తాళాల షెడ్డుకి మారాక అది కుదర్లేదు."

ముక్కురాణి కళ్ళు తుడుచుకుని అత్తగారి కేసి చూసింది. ఈలోపు మామగారు గొంతు సవరించుకున్నాడు.

"ఏలకులు నేను వేసేవాణ్ణి," అన్నాడు పళ్ళెంలోకి చూస్తూ. "ఊరికే కాదు, దంచి."

ఆమె మెల్లగా మొగుడి వైపు తిరిగింది. ఆయనగారు డెలివరీ వ్యాను తోలుతాడు, పాపం నోట్లో నాలుక లేనివాడని పేరు.

"నేనేం వెయ్యలేదు," అన్నాడు. "నిమ్మతొక్కలు తీసేసేవాణ్ణి, అంతే. నాకు చేదు పడదు."

కోపం ముక్కుదాకా వచ్చింది. అరుద్దామని నోరు తెరిచింది కూడా. అరుపుకి బదులు నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని, పొలమారేదాకా నవ్వింది. ఊరంతా మెచ్చుకున్న తన తూకాన్ని ఈ ముగ్గురు దొంగలూ కలిసి ఒక్కరోజు కూడా తిన్నగా ఉండనివ్వలేదన్నమాట.

అన్నం తినగానే ముగ్గురినీ షెడ్డుకి తోలుకెళ్ళి, టోపీలు పెట్టించి, త్రాసు ముందు నిలబెట్టింది. "ఎంత వేసేవారో వేసి చూపించండి, తూచుకుంటాను."

అత్తగారు రెండు తొక్కలు వేసి, ఒకటి వెనక్కి తీసింది. మామగారి చెయ్యి ఏలక్కాయ పట్టుకుని గాల్లోనే ఆగిపోయింది. మొగుడు పరీక్ష హాల్లో కూర్చున్నవాడిలా దిక్కులు చూశాడు.

"నువ్వలా గుడ్లప్పగించి చూస్తుంటే నా చెయ్యి రావట్లేదమ్మాయ్," అంది అత్తగారు.

అదీ నిజమే. ముక్కురాణి త్రాసు పక్కన పెట్టింది. మర్నాడు పొద్దున తన లెక్క ప్రకారం అన్నీ తూచి పెద్ద తొట్టిలో వేసింది. అద్దాల తలుపు తెరిచి, మూసుకోకుండా ఇటుక అడ్డం పెట్టింది. గోడ వైపు తిరిగి నిలబడి, "నేనేం చూడట్లేదు. మీ పనుల మీద మీరు పొండి," అంది. కాసేపటికి చెప్పుల చప్పుడు. మూత చప్పుడు. "తొట్టి పెద్దదిగా, రెండు చేతులా వేస్తున్నా," అని అత్తగారి గుసగుస. ముక్కురాణి గోడకేసి నవ్వుకుంది.

చెప్పినట్టే హోటలావిడ వచ్చింది. ఒక గుటక వేసింది. కళ్ళు మూసుకుని ఇంకో గుటక వేసింది.

"ఇదే," అంది. "ఏం మార్చారు?"

కొత్త రాగి బట్టీ ఇప్పటికి కుదురుకుందని అబద్ధం చెప్పినా ఆవిడ నమ్మేసేదే. ముక్కురాణి తల తిప్పి వెనక్కి చూసింది. ముగ్గురూ టోపీలు పెట్టుకుని, తప్పుచేసినవాళ్ళలా వరసగా నిలబడి ఉన్నారు.

"నేనేం మార్చలేదండీ. తలుపు తీశాను, వీళ్ళొచ్చారు. ఆ రుచి వీళ్ళది," అంటూ జరిగినదంతా చెప్పేసింది.

ఆవిడ మొదటిసారి పైకి నవ్వింది. "అయితే ఈ తలుపు ఎప్పటికీ వెయ్యకండి," అని చెయ్యి కలిపింది.

ఆవిడ అటు వెళ్ళగానే అత్తగారు అడిగింది. "మరి నేను లేందే జరగదుగా. ఇక ఈ టోపీ తీసెయ్యనా?"

"కుదరదు అత్తయ్యా."

పక్కకి జారిన ఆ టోపీని ముక్కురాణి సర్దబోయింది. "నాకొచ్చులే," అని అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళు గుప్పుమని నారింజ వాసన వేశాయి. ఆ వాసన కొత్తది కాదు, మొదటి గంగాళం రోజు నుంచీ ఆ వేళ్ళకి ఉన్నదే. పక్కింటి పాలు పసిగట్టిన ముక్కు, ఇన్నాళ్ళూ అత్తగారి చెయ్యి వాసన చూడలేదు. ముక్కురాణి ఆ చేతిని వదలకుండా దగ్గరికి తీసుకుని, కళ్ళు మూసుకుని, గుండెల నిండా పీల్చింది.