బావ ముంచిన కంప

ఫోను మోగేసరికి ఆర్లిస్ ప్రూయిట్ వంటింటి బల్ల ముందు కూర్చుని చేపల ఎరకి జిగ్‌లు కడుతున్నాడు. సీసపు తల ఉన్న చిన్న కొక్కేనికి తన ఎర్రకుక్క తోక వెంట్రుకలు కట్టి, ఆ తలకి ఊదారంగు గోళ్ళరంగు పూయడం అతని పద్ధతి. ఆ సీసా వాళ్ళక్క ఓనీటా వాడగా అడుగున మిగిలితే ఇచ్చింది. క్రాపీ చేపకి ఊదా అంటే పిచ్చి అని అతని నమ్మకం. చేపని అడిగి తెలుసుకున్నవాళ్ళు ఎవరూ లేరు కానీ, టిల్‌మన్ జలాశయం చుట్టుపక్కల ఇలాంటి జిగ్ కట్టేవాడు మాత్రం ఇంకొకడు లేడు.

“ఆర్లీ, మీ బావ ఇంకా రాలేదురా,” అంది ఓనీటా అవతలి నుంచి.

“వస్తాడులే అక్కా. చేపలు పడుతుంటే ఆయనకి టైము తెలుస్తుందా ఏంది?”

“మధ్యాహ్నం అన్నానికల్లా వస్తానని పోయాడు. ఫోను ఎత్తట్లా. గాలి ఎట్లా లేచిందో చూశావా? నేను రేవు దగ్గరే ఉన్నా. లేక్ వార్డెన్ వచ్చాడు. కార్టర్ పాయలో వెతకటానికి పడవలు పోయినయ్.”

ఆర్లిస్ చేతిలోని దారం వదులైపోయి కుక్క వెంట్రుకలు బల్ల మీద చెల్లాచెదురయ్యాయి. కార్టర్ పాయ పడమటి వైపు ఉంది. బావ హోబర్ట్ అక్కడ ఉండడు. ఎప్పుడూ ఉండలేదు. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకడు హోబర్ట్. రెండోవాడు ఫోను చెవికి ఆనించుకుని గుటకలు మింగుతున్న ఈ పెద్దమనిషి.

“వస్తున్నా,” అని మాత్రం అన్నాడు.

క్రాపీలు పట్టేవాళ్ళ తీరే అంత. బాస్ చేపలవాళ్ళు మెరిసే పడవల్లో దూసుకొచ్చి, ఒడ్డు వెంట గాలాలు విసిరి, పట్టినదానితో ఫొటో దిగి, మళ్ళీ నీళ్ళలో వదిలి పోతారు. వాళ్ళది అంతా చూపించుకునే వ్యవహారం. క్రాపీ మనిషిది దాచుకునే వ్యవహారం. క్రిస్మస్ అయ్యాక జనం వీధిలో పారేసిన చెట్లు ఏరుకొచ్చి, మొదళ్ళకి సిమెంటు దిమ్మలు కట్టి, ఎవరూ లేని వేళ చూసి నీళ్ళలో ముంచుతాడు. కొన్నాళ్ళకి ఆ కంపలో చేపపిల్లలు చేరతాయి, వాటి వెనకే క్రాపీలు చేరతాయి. జలాశయం అందరిదీ అని చట్టం అంటుంది. అయినా ఒకడి కంప మీద ఇంకొకడు గాలం వేయడమంటే పరాయి వంటింట్లో దూరి గిన్నె మూత తీయడమే. అందుకే ఎక్కడ పట్టావని అడిగితే క్రాపీ మనిషి నిజం చెప్పడు, కట్టుకున్న భార్యకి కూడా.

హోబర్ట్ స్కాగ్స్ ఇందులో మరీ ఘటికుడు. ఎరల కొట్టులో అందరికీ వినపడేలా “కార్టర్ పాయకి పోతున్నా” అని చెప్పి, అందరూ చూస్తుండగా పడమటికి పోయి, దీవి చాటున మళ్ళి, ఉత్తరాన మునిగిపోయిన పాత సున్నపురాతి క్వారీకి చేరేవాడు. ఒకనాడు కొండ మీద జింకల కోసం దుర్భిణి పెట్టుకుని కూర్చున్న ఆర్లిస్ కంట్లో ఆ విద్య పడింది. చూసి ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఈ కథే లేదు. ఆదివారం పొద్దున, అక్కా బావా చర్చిలో పాటలు పాడుతున్న వేళకి, ఆర్లిస్ క్వారీలో ఉండేవాడు. గాలం ఎక్కడా విసరడు. పొడవాటి కర్రతో పడవ పక్కనే నిలువుగా దారం దించి, కంప కొసలకి జానెడు పైన జిగ్‌ని కదిలీ కదలనట్టు నిలబెడతాడు. క్రాపీ పెదవి పల్చన, గుంజితే చిరుగుతుంది. మెల్లగా ఎత్తాలి. దొంగతనమైనా పద్ధతిగా చేసేవాడు.

కంపలో చేపలు పల్చబడటం హోబర్ట్ కనిపెట్టాడు. రెండేళ్ళ కిందట ఓనీటా ఇంట్లో భోజనాల దగ్గర ముఖం మీదే అడిగాడు. ఆర్లిస్ తడబడకుండా వాళ్ళమ్మ బైబిలు తెప్పించి, దాని మీద చెయ్యి పెట్టి, బావ కంప ఎక్కడుందో కూడా తనకి తెలియదని ప్రమాణం చేశాడు. తల్లి పోయాక అతన్ని పెంచింది ఓనీటానే. ఆమె లేచి నిలబడి మొగుడితో, “నా తమ్ముడు నాతో అబద్ధమాడడు. వాడికి క్షమాపణ చెప్పేదాకా నీకు ఈ ఇంట్లో ఫలహారం కూడా వేడిగా దొరకదు,” అంది. హోబర్ట్ క్షమాపణా చెప్పలేదు, ఆ మాట మళ్ళీ ఎత్తనూ లేదు. బావా బావమరుదుల మధ్య పలకరింపులు అక్కడితో ఆగిపోయాయి.

ఇప్పుడు దారి పొడవునా ఆర్లిస్ లెక్క ఒకటే. రేవులో ఉన్న తన పడవ తీసుకుని నేరుగా క్వారీకి పోతే సరి. బావని ఎక్కించుకొస్తాడు. అటుగా పోతుంటే కనపడ్డాడని చెప్తాడు. బావ బతుకుతాడు, ప్రమాణమూ బతుకుతుంది. ఇందులో తప్పేముందని తనకి తనే నాలుగైదుసార్లు చెప్పుకున్నాడు. అయినా స్టీరింగు మీద చేతులకి చెమట ఆరడం లేదు. మార్చి నెల నీళ్ళు ఎలాంటివో అతనికి తెలుసు. పడినవాడికి ముందు వేళ్ళు పోతాయి, తరవాత చేతులు, తరవాత ఆలోచన.

రేవులో ఓనీటా హోబర్ట్ పాత కోటు వేసుకుని నిలబడి ఉంది. “ఎక్కడికిరా? ఆ డొక్కు పడవలో నువ్వు కూడా పోతే నేనేం కావాలి?” అని చెయ్యి పట్టుకుంది.

“ఇట్లా పోయి అట్లా వస్తానక్కా,” అని విడిపించుకున్నాడు.

రేవు గోడ దాటీ దాటగానే ఉత్తరపు గాలి ఎదురుగా కొట్టింది. అతని పడవ చిన్న చెరువులకి సరిపోయే తగరపు పడవ. మోటారు ముసలిది. అల వచ్చి ముక్కు మీదుగా లోపలికి దూకింది, వెనకే ఇంకొకటి. కాళ్ళ దగ్గర నీళ్ళు చీలమండల దాకా వచ్చాయి. మోటారు దగ్గి ఆగింది, మళ్ళీ లాగితే అంటుకుంది, మళ్ళీ దగ్గింది. క్వారీ ఉన్న వైపు చూస్తే తెల్లటి నురగ తప్ప ఏమీ కనపడలేదు. ఈ పడవ అక్కడికి చేరదని అతనికి అప్పటికే తెలుసు, ఇంకాసేపు మాత్రం తెలియనట్టు తోలాడు. చివరికి వెనక్కి తిప్పాడు. వచ్చేటప్పటికి ఒడ్డు మీద నీడలు సాగి ఉన్నాయి. ఆ పోయిన పొద్దంతా తన పరువు ఖాతాలోదే.

రేవులో జనం గుమిగూడి ఉన్నారు. ఆనకట్ట దగ్గర హోబర్ట్ పడవ దొరికిందట. అందులో ఎవరూ లేరు. ముందు భాగాన చిన్న కరెంటు మోటారు ఇంకా తిరుగుతూనే ఉందట.

ఓనీటా ఏడవడం లేదు. కోటు గుండీలు పెట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్ళీ పెట్టుకుంటోంది.

వార్డెన్ కెస్లర్ నెమ్మదస్తుడు. పటం బల్ల మీద పరిచి, నాలుగు వైపులా సీసపు గుండ్లు పెట్టి, కార్టర్ పాయ నుంచి ఆనకట్ట దాకా వేలితో గీత గీస్తున్నాడు. “ఈ మధ్యలోనే ఎక్కడో ఉంటాడు. పడవలన్నీ ఇక్కడే తిప్పుతున్నాం. ఇంకాసేపట్లో వెలుతురు పోతుంది.”

“ఉత్తరం వైపు కూడా ఒకసారి చూస్తే?” అన్నాడు ఆర్లిస్.

“ఉత్తరమా? ఎందుకండీ?”

“అంటే... గాలికి కొట్టుకుపోయి ఉంటాడేమో.”

కెస్లర్ తలెత్తి చూశాడు. “గాలి వచ్చేదే ఉత్తరం నుంచి. ఎదురుగాలికి ఎట్లా కొట్టుకుపోతాడు?”

పక్కన ఎవడో కిసుక్కుమన్నాడు. ఆర్లిస్ ముఖం మండింది. “అటు మునిగిన చెట్లు ఉంటాయి గదా. క్రాపీలు ఉంటాయని పోయి ఉండొచ్చు.”

“చెట్లు ఈ లేక్ అంతా ఉన్నాయండీ. ఆయన పొద్దున కార్టర్ పాయకి పోవటం పదిమంది చూశారు. ఉన్న పడవలు మూడు. ఒకదాన్ని అంతదూరం పంపాలంటే నాకేదైనా ఆధారం ఉండాలి. మీకేమన్నా తెలుసా?”

ఓనీటా గుండీల మీద చేతులు ఆగాయి. తమ్ముడి వైపు తిరిగింది. ఆ ముఖంలో అనుమానం లేదు. ఆశ ఉంది. అదే అతన్ని చంపింది. ఆమె అనుమానంగా చూసి ఉంటే ఇంకో అబద్ధం ఆడగలిగేవాడేమో.

“బావ కంప పాత క్వారీలో ఉంది,” అన్నాడు. “తూర్పు గోడ పక్కన, నీళ్ళలో నిలబడ్డ ఎండు చెట్టుకి ఈవల. కార్టర్ పాయకని చెప్పి దీవి వెనకనుంచి అటే పోతాడు. ఏనాడూ ఇంకెక్కడికీ పోలేదు.”

“నీకెట్లా తెలుసు?” అంది ఓనీటా.

“నేను అక్కడ చేపలు పడతానక్కా.”

“ఎప్పుడు?”

“ఆదివారాలు. మీరు చర్చిలో ఉన్నప్పుడు.”

ఆమె ముఖం పటం వైపు తిప్పుకుంది. చెంప మీద కొట్టినా బాగుండేది. కెస్లర్ అప్పటికే పటం చుట్టేస్తున్నాడు. “మీరు నాతో రండి. ఆ చెట్ల మధ్య దారి నాకు తెలియదు,” అన్నాడు.

కెస్లర్ పడవ అలల మీద ఎగిరెగిరి పడుతుంటే ఆర్లిస్ కమ్మీ పట్టుకుని ముందుకి వంగి నిలబడ్డాడు. ఫోను వచ్చినప్పుడే చెప్పి ఉంటే ఈ పాటికి పోయి వచ్చేవాళ్ళు. ఆ ముక్క బుర్రలోంచి పోవడం లేదు. క్వారీ నోటి దగ్గర కెస్లర్ వేగం తగ్గించాడు. “ఎడమకి. ఇంకా ఎడమకి. ఇక్కడ మొద్దుంది, నీళ్ళ కిందే ఉంటుంది,” అని ఆర్లిస్ చెప్తుంటే కెస్లర్ మారుమాట్లాడకుండా తిప్పాడు. ఇన్ని మొద్దులు పేరుపేరునా తెలియాలంటే ఎన్ని ఆదివారాలు పట్టి ఉంటాయో అతను అడగలేదు.

ఎండు చెట్టు కనిపించింది. దాని పంగలో ఏదో ఎర్రగా ఉంది. లైఫ్ జాకెట్. అందులో హోబర్ట్ ఉన్నాడు. తన ప్యాంటు బెల్టుతో తనని తాను మానుకి కట్టేసుకుని, తల వాల్చి ఉన్నాడు.

“బావా!” అని అరిచాడు ఆర్లిస్. మళ్ళీ అరిచాడు.

తల కొంచెం కదిలింది. “ఎందుకురా అరుస్తావ్,” అన్నాడు హోబర్ట్. మాట ముద్దముద్దగా వచ్చింది. “చేపలు పోతాయి.”

ఇద్దరూ కలిసి దించారు. తడిబట్టలు విప్పి, దుప్పట్లు చుట్టి, కెస్లర్ పడవ నడుపుతుంటే ఆర్లిస్ బావని ఒళ్ళోకి లాక్కుని గట్టిగా పట్టుకున్నాడు. హోబర్ట్ పళ్ళు టకటకలాడుతున్నాయి. అవి ఆడుతున్నంతసేపూ మనిషి ఉన్నట్టే కదా అని ఆర్లిస్ ఆ చప్పుడే వింటున్నాడు. ఆగినట్టు అనిపిస్తే కుదిపాడు.

“కొక్కెం కంపకి తగులుకుంది,” అన్నాడు హోబర్ట్ కాసేపటికి. “వంగి లాగా. జారా. చూస్తుండగానే పడవ పోయింది.”

“మాట్లాడకు బావా.”

“అక్కడ కూచుని అనుకున్నా... ఈ దొంగవెధవకి తప్ప ఇంకెవడికీ తెలవదు గదా అని. రెండేళ్ళు నిన్ను తిట్టని పూట లేదురా. ఇయ్యాల మాత్రం, దేవుడా, వాడే దొంగ అయ్యుండాలి, నా అంచనా తప్పు కాకూడదు అని మొక్కా.”

ఆర్లిస్ కళ్ళు గాలికి మండుతున్నాయి, గాలికే అనుకుందాం. “తెలుసా నీకు?”

“కోటు జేబులో డబ్బా ఉంది. తియ్.”

తడికోటు జేబులో చిన్న ప్లాస్టిక్ డబ్బా దొరికింది. మూత తీస్తే ఊదారంగు జిగ్‌లు, ఎర్రకుక్క వెంట్రుకలతో. కంపలో తగులుకుని ఆర్లిస్ తెంపుకుపోయినవన్నీ విడదీసి, తుడిచి, వరసగా పెట్టి ఉన్నాయి.

“ఇవి చూపించి ఉంటే అక్క నిన్ను నమ్మేది గదా బావా.”

“నమ్మేది.” హోబర్ట్ కళ్ళు మూసుకున్నాడు. “నన్ను నమ్మి ఏం చేసుకుంటది? నిన్ను పెంచింది. రేవు రాకముందే ఆ డబ్బా నీళ్ళలో పారెయ్. మీ అక్కకి కనపడకూడదు.”

పారేయడానికి డబ్బా చేతిలోనే ఉంది, నీళ్ళు చేతికి అందేంత దగ్గరగా ఉన్నాయి. “అక్కకి చెప్పేశా బావా. చెప్పకపోతే పడవ రాదు,” అన్నాడు ఆర్లిస్.

హోబర్ట్ పళ్ళ చప్పుడు ఆగింది. ఆర్లిస్ భయపడి మళ్ళీ కుదిపాడు. “ఉన్నాలే,” అన్నాడు హోబర్ట్. దుప్పటిలోంచి ఒక చెయ్యి బయటికి తీసి, పట్టు కుదరకపోయినా, ఆర్లిస్ మణికట్టు పట్టుకున్నాడు. రేవు దాకా వదల్లేదు.

రేవులో అంబులెన్సు వెలుగుతూ నిలబడి ఉంది. ఓనీటా నీళ్ళలోకి మోకాలి దాకా దిగింది. మొగుడి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని, చల్లగా ఉన్న ఆ ముఖాన్ని తన చెంపకి ఆనించుకుని, అప్పుడు ఏడ్చింది. స్ట్రెచరు మీదికి ఎక్కించేదాకా ఆర్లిస్ వెనకే నిలబడ్డాడు. తరవాత డబ్బా ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె మూత తీసి చూసింది. ఒక జిగ్ తీసి వెలుతురుకి పట్టుకుంది. “ఇది నా రంగేగా.”

“అవును అక్కా.”

“ఈయనకి ఎప్పట్నుంచి తెలుసు?”

“మొదట్నుంచీ. నువ్వు బాధపడతావని దాచాడు.”

ఓనీటా ఆ జిగ్‌ని మళ్ళీ డబ్బాలో పెట్టి, మూత వేసి, కోటు జేబులో వేసుకుంది. అంబులెన్సు మెట్టు ఎక్కి, తలుపు సగం మూసి ఆగింది. తమ్ముడి వైపు కాకుండా నీళ్ళ వైపు చూస్తూ మాట్లాడింది.

“ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, మంచి చొక్కా వేసుకుని మా ఇంటికి రా. చర్చిలో నా పక్కన కూర్చుంటావ్. బతికున్నంతకాలం ప్రతి ఆదివారం, నాకు కనపడేట్టు, నా పక్కనే కూర్చుంటావ్.”

లోపల దుప్పట్ల కిందినుంచి హోబర్ట్ గొంతు సన్నగా వినిపించింది. “వాడి పక్కన నన్ను కూచోబెట్టు ఓనీ. నాకు కూడా కనపడాలి.”

ఆమె తలుపు మూసింది. అంబులెన్సు కదిలి రోడ్డెక్కేదాకా చూసి, ఆర్లిస్ తడిబూట్లతో, పడవ లాగే బండి తగిలించి ఉన్న హోబర్ట్ ట్రక్కు దగ్గరికి నడిచాడు. బావ పడవని ఆనకట్ట నుంచి ఇంటికి చేర్చడం ఇక తన పనే.