కోటు వీపున చిల్లు

వుయానీకి తూటా తగిలినప్పుడు అతని రెండు చేతులూ నీళ్ళ తొట్టిలో ఉన్నాయి.

వీధి వీధంతా చూసింది. శ్మశానం నుంచి వచ్చినవాళ్ళు చావు జరిగిన ఇంటి గేటు దగ్గర, కలబంద ముక్కలు వేసిన నీళ్ళలో చేతులు కడుక్కోనిదే ఎక్కడికీ పోరు. ఆ రోజు మట్టి చేసి వచ్చింది కూడా పోలీసులు చంపిన కుర్రవాణ్ణే. వీధి మలుపులో పోలీసుల ఉక్కు బండి వచ్చి ఆగింది. ఆ నల్లవాళ్ళ బస్తీలో దాన్ని హిప్పో అంటారు. దానిమీది మైకు అరిచింది: "చెదిరిపోండి! ఇది చట్టవిరుద్ధమైన గుంపు!"

ఎవరూ చెదరలేదు. భయం లేక కాదు. చావు చేతులతో ఇంటికెట్లా పోతారు? వరసలో నిలబడి గబగబా చేతులు ముంచుతున్నారు. వుయానీ వంతు వచ్చింది. వంగాడు. అతని వీపు హిప్పో వైపు ఉంది.

వెనకే నిలబడిన తల్లి నోఖ్వెజి, "తొందరగా కానీరా నాయనా, వాళ్ళ చూపు బాగాలేదు," అంది. ఆమెకు ఎవరి చూపూ ఎప్పుడూ బాగా కనిపించదు. వుయానీ నవ్వాడు. "ఆగవే అమ్మా, చేతులన్నా కడుక్కోనియ్యవా?"

అంతే. మొహం నీళ్ళలో పడింది.

సాయంత్రం రేడియో చెప్పింది: పెట్రోలు సీసాతో పోలీసుల మీదికి దూసుకొచ్చిన యువకుడొకడు ఛాతీలో తూటా తగిలి మరణించాడు.

శవాన్ని మేకులు బిగించిన పెట్టెలో ఇచ్చారు. తెరిస్తే అరెస్టేనన్నారు. అయితే ఆసుపత్రి శవాల గదిలో పనిచేసే ముసలాయన, పోలీసు అటు తిరిగినప్పుడు, న్యూస్‌పేపరులో చుట్టిన మూట ఒకటి నోఖ్వెజి శాలువ కిందికి తోశాడు. "భద్రంగా ఉంచుకో చెల్లీ," అని మాత్రం అన్నాడు. అందులో వుయానీ నీలం కోటు ఉంది.

భద్రంగానే ఉంచుకుంది ఆమె, తనకు తెలిసిన పద్ధతిలో. చనిపోయినవాళ్ళ బట్టలు ఉతికి దాచాలి, మైల తీరాక చుట్టాలకు పంచాలి. అది తల్లి పని. పైగా నెత్తుటి కోటు ఇంట్లో ఉంటే పోలీసులు వస్తారు. పోలీసులొస్తే మిగిలిన ఒక్క బిడ్డనూ పట్టుకుపోతారు. కూతురు ఫెజీవే విద్యార్థి సంఘంలో తిరుగుతోంది. నోఖ్వెజి చన్నీళ్ళలో ఉప్పు వేసి కోటు నానబెట్టింది. తెల్లవాళ్ళ ఇళ్ళలో ఇరవై ఏళ్ళుగా బట్టలుతికే చెయ్యి ఆమెది, మరక మిగల్లేదు. వీపు మీది చిల్లును నీలం దారంతో అల్లి, ఇస్త్రీ చేసి, మడతపెట్టింది.

మర్నాడు ఫెజీవే పరుగున వచ్చింది.

"అమ్మా, కోటు నీ దగ్గరుందంట కదా! ఆసుపత్రి తాతయ్య చెప్పాడు. లాయరుగారికి ఇవ్వాలి. వీధిలో చూసినవాళ్ళ మాట కోర్టు నమ్మదు. విచారణలో మనకి అదొక్కటే సాక్ష్యం. ఏదీ?"

నోఖ్వెజి మురిపెంగా బట్టల పెట్టె తెరిచి తీసిచ్చింది. ఫెజీవే కోటు తిప్పి చూసింది. ఇంకోసారి తిప్పింది.

"నెత్తురేదమ్మా?"

"ఉతికాను."

"చిల్లేది?"

"కుట్టాను కదే. చిరిగిన కోటు ఎవరికన్నా ఇస్తామా?"

ఫెజీవే నేల మీద కూలబడింది. "నీ చేత్తో తుడిచేశావు కదే అమ్మా. అన్నని వాళ్ళు వెనక నుంచి కాల్చారని చెప్పేది ఆ నెత్తురొక్కటే. ఇప్పుడు వాడు రేడియో చెప్పినట్టే పెట్రోలు సీసా ఎత్తినవాడైపోయాడు. నీ పుణ్యాన!"

"నువ్వు బతకాలనే కదే..." అంటూ తల్లి ఆగిపోయింది. అరుస్తున్న కూతురి నోట వుయానీ గొంతు వినిపించింది ఆమెకు.

సభలు నిషేధం. పదిమంది ఒకచోట కూడితే జైలు. కానీ గురువారం మధ్యాహ్నం ఆడవాళ్ళ ప్రార్థనను సర్కారు ఇంకా నిషేధించలేదు. ప్రార్థన సంఘం ఎర్ర జాకెట్లు, తెల్ల కాలర్లు వేసుకుని బస్తీ ఆడవాళ్ళు చర్చి హాల్లో చేరారు. ఫెజీవే లేచి, బిడ్డల్ని, మొగుళ్ళని పోగొట్టుకున్నవాళ్ళు ఏం చూశారో చెప్పాలనీ, వాటిని లాయరుకి అందించాలనీ అడిగింది.

పాస్టరు భార్య గొంతు తగ్గించి, "చచ్చినోళ్ళని శాంతిగా పోనివ్వండమ్మా. బట్టలుతక్కుండా దాస్తే వాళ్ళు ఇల్లు వదలరు," అంది.

"వదలకపోతే మంచిదే!" ఇంట్లో సారా కాచి అమ్మే మాబెలె లేచింది. "మా ఆయన బతికున్నప్పుడు ఒక్కపూట ఇంటిపట్టున ఉండలేదు, ఇప్పుడన్నా ఉంటాడు." నవ్వులు వచ్చాయి. మాబెలె నవ్వలేదు. "నేను ఉతకలేదు. బద్ధకం అనుకోండి. ఆయన చొక్కా నెత్తుటితో గట్టిపడి అట్టలా ఉంది. వీపున రెండు చిల్లులు. పత్రికలో ఏం రాశారు? పోలీసు మీద కత్తి ఎత్తాడంట. వెనక్కి తిరిగి ఎత్తాడా కత్తి?"

తర్వాత మూల నుంచి ఒకామె అంది, "మా పిల్లది లంగా... వెనకే." ఇంకొకామె, "మావాడిదీ వెనకే." ఇంకొకామె తన వీపు తడిమి చూపించింది.

ఎవరి చావు వారిదనుకుని ఇన్నాళ్ళూ తలుపులు వేసుకుని ఏడ్చారు. ఒకరి గుడ్డ సంగతి ఒకరికి చెప్పుకోలేదు. ఇప్పుడు చెప్పుకున్నారు. అందరూ పారిపోతూనో, పక్కకి తిరిగో, వంగో చచ్చినవాళ్ళే.

"లాయరుకిస్తే దారిలో పోలీసులు లాక్కుంటారు," అంది ఒకామె. "మొన్న ఆయన ఆఫీసు తాళం పగలగొట్టారు."

"అయితే మనమే తొడుక్కుని కోర్టుకి పోదాం," అంది మాబెలె. "ఒంటి మీదివి విప్పుకోమనండి చూద్దాం. శాలువలు కప్పుకుంటే గుమ్మంలో ఎవడికి తెలుస్తుంది?"

"నన్నూ రానివ్వండి," అంది నోఖ్వెజి. ఆమె గొంతు ఆమెకే వినపడలేదు. మళ్ళీ అంది. "విచారణ మావాడిది."

"నీ కోటు ఉతికేశావు కదా వుయానీ తల్లీ."

"ఉతికాను. నేను వేసిన కుట్టే, నేనే విప్పుతాను."

ఇకమీదట ఎవరి ఇంట చావు జరిగినా గుడ్డ ఉతకకూడదని ఆ ప్రార్థనలో తీర్మానం అయింది. పాస్టరు భార్య కూడా చెయ్యెత్తింది, చివరన.

ఇంటి ముందు ఎండలో కూర్చుని నోఖ్వెజి సూదితో ఒక్కొక్క పోగూ లేపింది. ఎంత గట్టిగా అల్లిందో అప్పుడు తెలిసింది. చివరి పోగు ఊడిరాగానే చిల్లు మళ్ళీ తెరుచుకుంది. చిటికెన వేలు పట్టేంత. ఫెజీవే గుమ్మంలో నిలబడి చూసింది.

"అమ్మా, నువ్వు రావద్దు. నిన్ను లోపలేస్తారు."

"ఇన్నాళ్ళూ ఆ మాట నేనన్నాను, నువ్వు విన్నావా?" అంది నోఖ్వెజి.

కోర్టులో మొదట పోలీసు అధికారి చెప్పాడు. కుర్రవాడు ఎదురుగా వచ్చాడు, సీసా ఎత్తాడు, ఛాతీలో కాల్చక తప్పలేదు. శవాన్ని కోసిన డాక్టరు కాగితం ఆ మాటే అంది. లాయరు కోటు సంగతి ఎత్తితే ప్రభుత్వ వకీలు తేలిగ్గా నవ్వాడు. "ఆ కోటు ఉతికారట గదా. ఉతికినదానికి విలువేముంటుంది?"

నోఖ్వెజిని పిలిచారు. దారిపొడుగునా వల్లించుకున్న మాటలన్నీ నాలుక మీదే ఎండిపోయాయి. ఫెజీవే బయట జనంలో ఉంది. బయట ఎన్ని తుపాకులున్నాయో నోఖ్వెజి వచ్చేటప్పుడు చూసింది. ఇంటికి పోదాం అనిపించింది. మేజిస్ట్రేటు విసుగ్గా, "చెప్పేదేమన్నా ఉందా లేదా?" అన్నాడు. దుబాసీ ఆ మాటను ఆమె భాషలోకి మెత్తగా మార్చాడు.

నోఖ్వెజి శాలువ జారవిడిచింది. లోపల నీలం కోటు. ఆమె నెమ్మదిగా తిరిగి, మేజిస్ట్రేటుకి వీపు పెట్టి, కింద నీళ్ళ తొట్టి ఉన్నట్టు వంగింది.

"కోర్టుకే వీపు చూపిస్తుందా! ఇటు తిరగమను!" అని మేజిస్ట్రేటు అరిచాడు.

"అమ్మా," అన్నాడు దుబాసీ, "ఇటు తిరగమంటున్నారు."

"నా కొడుకు కూడా తిరగలేదు బాబూ. చేతులు కడుక్కుంటున్నాడు. అది చెప్పు వాళ్ళకి."

దుబాసీ ఒక్క క్షణం మేజిస్ట్రేటు వైపు చూశాడు. ఆ తర్వాత ఒక్క మాటా వదలకుండా, గట్టిగా చెప్పాడు.

వెనక బల్ల మీద మాబెలె లేచింది. శాలువ తీసేసింది. నల్లబడిన చొక్కా, రెండు చిల్లులు. ఆమె వెనకే పిల్లది లంగా భుజాల మీద వేసుకున్న తల్లి. ఆమె పక్కన ఇంకొకామె. అందరూ వీపులు తిప్పారు. మాట లేదు, పాట లేదు. పత్రికలవాళ్ళు ముగ్గురు లేచి నిలబడి రాసుకుంటున్నారు. మేజిస్ట్రేటు బల్ల గుద్ది అందరినీ అరెస్టు చెయ్యమన్నాడు. పోలీసు ఒకడు కోటు లాగబోయాడు. నోఖ్వెజి బొత్తాలన్నీ పెట్టుకుని, రెండు చేతులతో తనని తాను కరుచుకుంది.

ఆడవాళ్ళందర్నీ ఇనప జాలీ బిగించిన పోలీసు బండిలో ఎక్కించారు. ఇక కూతురిని చూడననుకుంది నోఖ్వెజి. జైల్లో కొడతారనుకుంది. అన్నీ వరసపెట్టి అనుకుంది, ఎప్పటిలాగే. బండి పది గజాలు పోయి ఆగింది.

కోర్టు మెట్ల కింది నుంచి రోడ్డు చివరిదాకా జనం. దారి ఇవ్వడం లేదు. కోర్టులో జరిగింది ఎవరు మోసుకొచ్చారో గాని, ఎవరూ రాయి ఎత్తలేదు, చెయ్యి ఎత్తలేదు. ఒకరి తర్వాత ఒకరు తుపాకులకి వీపు తిప్పి నిలబడుతున్నారు. విద్యార్థులు, బట్టలమిల్లు పనివాళ్ళు, ఎర్ర జాకెట్ల ఆడవాళ్ళు. ముందు వరసలో ఫెజీవే. సన్నటి వీపు, బిగించి కట్టిన జడలు. పోలీసుల తుపాకులు పైకి లేచాయి.

నోఖ్వెజి జాలీని పట్టుకుంది. పారిపోవే, ఇంటికి పోవే అని అరవడానికి నోరు తెరిచింది. ఆ బిడ్డ పుట్టినప్పటి నుంచీ అరుస్తున్న మాట అదే. వచ్చింది మాత్రం వేరే మాట.

"చూస్తున్నానే ఫెజీవే! నేను చూస్తున్నాను!"

పక్కన మాబెలె అందుకుంది. "మేమందరం చూస్తున్నాం రోయ్! ఎవడు కాలుస్తాడో, వాడి మొహం చూస్తున్నాం!"

బండిలోని ఆడవాళ్ళందరూ జాలీకి మొహాలు ఆనించి అరిచారు. చూస్తున్నాం, చూస్తున్నాం. తుపాకులు పట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరే తల తిప్పి ఆ కళ్ళవైపు చూశారు. ఫెజీవే కదలలేదు.

బండి పోవడానికి దారి లేదు.