ఫారంలో మేనేజరు

"ఫీజు పోయింది" అని కోడలు తనలో తాను గొణుక్కుంది, అంతే. గోడలకి చెవులున్న ఆ ఇంట్లో అత్తగారికి మాత్రం ఉన్నది సగం చెవే.

"ఫీజు పోయిందా! ఒరేయ్, ముందు మెయిన్ ఆపండ్రా!" అని ఆవిడ హాల్లోంచి అరిచింది. టెస్టరు జేబులో పెట్టుకుని తిరిగే రకం మరిది. కుర్చీ లాక్కుని ఎక్కేశాడు.

"లైట్లు వెలుగుతున్నాయి కదమ్మా?"

"వెలిగితే మాత్రం? పోయేది పోయేముందు ఇంకా బాగా వెలుగుతుందిరా!"

పెద్దకొడుకు, అంటే కోడలి మొగుడు, చూస్తున్న ఫోనులోంచి తలెత్తకుండానే, "వంటింట్లో ఏం తగలబెట్టావే?" అని అడిగాడు.

ఏమీ తగలబెట్టలేదు. కూర తరుగుతూ తరుగుతూ చెయ్యి తుడుచుకుని, యూనివర్సిటీ నుంచి వచ్చిన ఉత్తరం మూడోసారి చదివింది. నలభై ఒకటో ఏట నర్సింగు రెండో సంవత్సరం చదువుతున్న మనిషి. పొద్దున ఇంటి గిన్నెలు, పగలు క్లాసులు, సాయంత్రం ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని. తనిఖీలో కుటుంబ ఆదాయం పరిమితి దాటినట్టు తేలింది కనుక ఫీజు సాయం రద్దు చేశారట. నిరుడు ఇచ్చింది కూడా వడ్డీతో ఆమె పేరున అప్పుగా రాశారట. అభ్యంతరముంటే ఎల్లుండి ఐదు గంటల్లోగా భర్త జీతం చీటీ తేవాలట. సాయం అన్న నోటితోనే రుణం అన్నారు. రుణానికీ దారుణానికీ ఒక్క 'దా' తేడా. రమ్మని పిలవకపోయినా అదే వచ్చి కూర్చుంది.

నిన్న యూనివర్సిటీ ఆఫీసు కిటికీ దగ్గర గుమాస్తా ఫారం తిప్పి చూసి, "అమ్మా, ఈ ఆదాయానికి మీరే మాకు సాయం చెయ్యాలి" అని నవ్వాడు. వెనక వరసలో పిల్లలూ నవ్వారు. "ఆయన జీతం నా చదువుకి రాదు బాబూ" అంది. "మీ చదువుకి రాకపోయినా మా ఫారంలోకి వస్తుందమ్మా. పెళ్లయినవాళ్లకి రూలు అదే." పద్దెనిమిదేళ్ల పిల్లకి తండ్రి జీతం, నలభై దాటినదానికి మొగుడి జీతం. తన చేతులతో సంపాదిస్తున్నానని రాసుకోడానికి అందులో గడే లేదు.

అప్పుడే ఆ ఫారాన్ని మొదటిసారి పూర్తిగా చూసింది. ఇంట్లో ఏ ఫారమైనా నింపేది ఆయనే. ఆయన వేలు పెట్టినచోట ఆమె సంతకం పెడుతుంది. "చదివితే నీకేం అర్థమవుతుంది, పెట్టు" అంటాడు, కాలేజీలో చదువుతున్న మనిషితో. ఉద్యోగం దగ్గర 'ఫర్నిచర్ షోరూం మేనేజరు' అని రాశాడు. జీతం కూడా మేనేజరుదే. ఆయన మేనేజరు కాడు. రెండేళ్ల కిందట దింపేసి సేల్స్‌మన్‌ని చేశారు, జీతం సగానికి పడింది. ఇంట్లో చెప్పలేదు. ఆమెకి తెలుసని ఆయనకి తెలియదు. ఆ సగం జీతంతోనే ఇల్లు నిండుగా కనిపించేలా నడుపుతూ, "మా పెద్దాడు మేనేజరు" అని అత్తగారు ఇరుగుపొరుగుకి చెబుతుంటే పక్కన నిలబడి తలూపుతూ వచ్చింది.

చెబితే? ఆయన చెయ్యెత్తే మనిషి కాదు, మాట ఆపేసే మనిషి. ఒకసారి అందరిముందూ చిన్న తప్పు దిద్దినందుకు నెలన్నర మాట్లాడలేదు. కంచం తోసిన చప్పుడు విని, ఇంకాస్త కావాలో వద్దో ఊహించుకోవాల్సి వచ్చేది. చెప్పకపోతే? దుప్పట్లు మడిచీ మడిచీ ఆ అప్పు తీరేసరికి తన నడుమే మడత పడుతుంది, చేతికి పట్టా కూడా రాదు.

"ఏంటా కాగితం?" అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. వెనక టెస్టరుతో మరిది, ఆ వెనక ఆయన.

"పోయింది కరెంటు ఫీజు కాదత్తయ్యా. నా కాలేజీ ఫీజు సాయం."

"నే చెప్పలా! ఈ వయసులో చదువులేంటే అని. పరీక్ష తప్పుంటావు."

"మార్కులు తగ్గుంటాయిలే అమ్మా, పాపం" అన్నాడు ఆయన. కళ్లు మాత్రం కాగితం మీదే ఉన్నాయి.

అసలు కారణం ఆయనకి తెలుసు. తెలిసే పాపం అన్నాడు. ఆమె కాగితం వాళ్లవైపు తిప్పింది.

"మార్కులు బాగానే ఉన్నాయి. ఫారంలో జీతమే తప్పు. రాసింది ఆయన, సంతకం నాది, అప్పూ నాదే. ఆయన మేనేజరు కాదత్తయ్యా. రెండేళ్లయింది, సేల్స్‌మన్‌ని చేసి."

మరిది టెస్టరు జేబులో పెట్టేసుకున్నాడు. అత్తగారు కొడుకు ముఖంలోకి చూసింది. ఇంక అడగాల్సింది ఏమీ మిగల్లేదు.

"నీకెవరు చెప్పారు?" ఆయన గొంతు పీలగా వచ్చింది.

"చొక్కాలు ఉతికేదాన్ని కదండీ. సేల్స్‌మన్ అని రాసున్న బ్యాడ్జి జేబులోనే మర్చిపోయారు."

ఆయన పెదవులు బిగుసుకున్నాయి. మాట ఆగిపోతోందని ఆమెకి అర్థమైంది.

"మీరు మాట్లాడకపోయినా సరే" అంది. "రేపు మధ్యాహ్నానికి జీతం చీటీ తెచ్చివ్వండి. లేకపోతే నేనే షోరూంకొచ్చి అడుగుతాను. మేనేజరుగారిని."