రెండు వోల్టుల మొండి ప్రాణం

నేను ఒక మైక్రోకంట్రోలర్‌ని. గోటి మీద పెట్టుకుని ఊదితే ఎగిరిపోయేంత నల్ల ముక్కను. పేరు పెద్దదే గానీ పని చిన్నది, చెప్పింది చెయ్యడం. రోబో చక్రం తిప్పమంటే తిప్పిస్తాను, ఆపమంటే ఆపిస్తాను. ఏ దేశంలోనో, మనుషులు ముక్కూ నోరూ కట్టుకుని తిరిగే గదిలో, ఒకే పలక మీద వందలాది తోబుట్టువులతో పుట్టాను. ఆ పలకను కోసి మమ్మల్ని విడదీశారు. తరువాత నాకు ఎదురైన కోత ముందు అదొక లెక్క కాదు.

నన్ను ఏరి తెచ్చుకున్నది కుసుమ. వరంగల్‌లో పాలిటెక్నిక్ చివరి ఏడాది చదువుతూ, సరదాకు రోబోలు కట్టి పోటీలకు దించేది. ఆ పోటీలో రెండు రోబోలను ఇనుప పంజరంలోకి వదులుతారు. ఒకటి కదలకుండా పడిపోయేదాకా రెండోది కొడుతూనే ఉంటుంది. చుట్టూ నిలబడ్డ చదువుకున్నవాళ్లు "చంపు, చంపు" అని గొంతు చించుకుంటారు. నెత్తురు రాదు కాబట్టి తప్పులేదని వాళ్ల నమ్మకం.

కిందటేడు కుసుమ రోబో ఆ పంజరంలో ఘోరంగా చచ్చింది. రంపపు చక్రం ఇరుక్కోగానే మోటారు బ్యాటరీనంతా లాగేసుకుంది. ఐదు వోల్టులు అందనిదే పనిచెయ్యని చిప్పు సొమ్మసిల్లింది. అది లేచేలోపు అవతలి రోబో దాని పొట్ట చీల్చి వైర్లు బయటికి పీకింది. జనం పగలబడి నవ్వారు. అందుకే ఈసారి రెండు వోల్టులతో కూడా ప్రాణం నిలుపుకునే నన్ను తెచ్చింది.

"గింత కరెంటుతోని పనైతదా బిడ్డా?" అన్నాడు వాళ్ల నాన్న మొగిలయ్య.

"అయితది నాయినా. మోటరు ఇరికినా ఇది సావది."

మొగిలయ్యకు కాలిపోయిన మోటార్లకు మళ్లీ తీగ చుట్టే దుకాణం ఉంది. వెంట్రుకంత రాగి తీగ ఎన్ని చుట్లు పడిందో ఆయన కళ్లు చూడకపోయినా వేళ్లకు తెలిసేది. ఇల్లు నడిచేది ఆ వేళ్ల మీదే. నా కాళ్లను బోర్డుకు అతికించినవీ అవే, ఒక్క కాలు కూడా కాలనివ్వలేదు. నాకు ఆ వేళ్లంటే ప్రేమ.

కుసుమ నాలో ఆజ్ఞలు రాసింది. రిమోటు సంకేతం తెగిపోతే వెంటనే ఆగు అని అందరూ ఒక వరుస రాస్తారు. తనూ రాసింది, రాసి తుడిచేసింది. ఆగడమంటేనే ఆమెకు కిందటేటి నవ్వు చెవుల్లో మోగేది. సంకేతం తెగినా చివరగా చెప్పిందే చేస్తూ ఉండు అని దాని చోట రాసింది. ఆగడం తెలియని ఆ రోబోకు బొంగరం అని ముద్దు పేరు పెట్టుకుంది.

పోటీనాడు మా ఎదుట గండ్రగొడ్డలి అనే రోబో దిగింది. మొదటి దెబ్బకే మా చక్రం ఒకటి ఊడి పంజరానికి తగిలింది. రెండో దెబ్బకు మూత సొట్టపోయింది. నేను తిప్పుతూనే ఉన్నాను. మా రంపం దాని మెడలోకి దిగి, ఇనుము చీల్చి, బ్యాటరీని పొడిచింది. దాంట్లోంచి పొగ లేచింది. మా రంపం ఆ ఇనుములోనే ఇరుక్కుంది. కుసుమ రంపాన్ని తిప్పే రిమోటు పిడిని పూర్తిగా నొక్కే పట్టుకుంది.

ఈల వేశారు. గెలిచాం.

పిడి నొక్కి ఉండగానే కుసుమ రిమోటు ఆపేసి గంతులేసింది. ముందు రోబో బ్యాటరీ ప్లగ్గు పీకి, తరువాత రిమోటు ఆపాలన్నది అక్కడి నియమం. ఆ సంబరంలో ఎవరికీ గుర్తు రాలేదు.

మొగిలయ్య పంజరంలోకి వచ్చాడు. "కరెంటు పడిపోయినట్టుంది, సచ్చింది," అంటూ మమ్మల్ని విడదీయడానికి రంపం పక్కన చెయ్యి వేశాడు. పాత చిప్పయితే ఈపాటికి చచ్చేదే. నేను బతికే ఉన్నాను. నాకు అందిన చివరి మాట తిప్పమనే. ఆయన చుట్టిన మోటారు కూడా కాలిపోలేదు, అంత బాగా చుట్టాడు. ఆయన లాగాడు. రంపం విడిపడింది.

రెండు వేళ్లు గండ్రగొడ్డలి మీద పడ్డాయి. చంపమని అరిచినవాళ్లలో ఒకడు అక్కడే వాంతి చేసుకున్నాడు.

నాకు కళ్లు లేవు, కన్నీళ్లు లేవు. ఉంటే ఆనాడే తడిసి పాడైపోయి ఉండేదాన్ని.

ఇప్పుడు దుకాణంలో తీగ చుట్టేది కుసుమ. మొగిలయ్య పక్కన కూర్చుని చెబుతాడు. నెలల తరబడి ఆమె బొంగరాన్ని ముట్టలేదు. ఒకనాడు ఆయనే, నాలో ఆగడం రాసి దాన్ని బల్లకు బిగించమన్నాడు.

"ఆగుడు రాసినవా దీంట్ల?"

"రాసిన."

"తిప్పు మరి."

రంపం గిర్రున తిరిగింది. మొగిలయ్య మూడు వేళ్ల చెయ్యిని దానికి జానెడు దూరంలో పెట్టాడు.

"నాయినా, చెయ్యి తియ్యి."

"నువ్వే రాసినవ్ గదా. రిమోటు ఆపు."

కుసుమ రిమోటు ఆపింది. బ్యాటరీ నిండుగా ఉంది, మోటారుకు ఓపిక ఉంది. అయినా నేను ఆపేశాను. రంపం నెమ్మదించి నిలిచింది.

కుసుమ ప్లగ్గు పీకేసి ఏడవసాగింది. మొగిలయ్య తన మూడు వేళ్ల చెయ్యిని రంపం మీద ఆనించి, ఆమె ఏడుపు ఆగేదాకా అక్కడే ఉంచాడు.